రెండో వచనంలో మొదటి సగం

హెబ్రీ అయ్యగారికి హెబ్రీ భాషలో మొత్తం పదిహేడు మాటలు వచ్చు. ఇది ఆయనంటే గిట్టనివాళ్లు కట్టిన లెక్క కాదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఒత్తులక్క, ఆయన రాసిన ఆరు పుస్తకాలనూ అక్షరం అక్షరం దిద్దిన మనిషి, ఒక చిత్తు కాగితం మీద రాసిపెట్టుకున్న లెక్క. ఆ పదిహేడింటిలో మూడు గ్రీకు మాటలు. ఇంకొకటి ఏ భాషదో ఎవరికీ అంతుచిక్కలేదు. ఆమెకు హెబ్రీ నేర్పిన మాస్టారు బతికుండగా ఒకసారి చూపిస్తే, ఆయన కూడా తల గోక్కుని ఊరుకున్నారు.

అయినా ఆదివారం పూట అయ్యగారు చర్చిలో ప్రసంగ వేదిక ఎక్కి, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, "మూలభాషలో చూస్తే" అన్నారంటే చాలు, ఏడు వందల మంది ఊపిరి బిగబట్టేవారు. బైబిలు మూలభాష అంటే వాళ్ల దృష్టిలో లోతైన బావి. అందరూ దిగలేరు. దిగి వచ్చినవాడు చేతిలో ఏం పట్టుకొస్తే అదే అక్కడ దొరికిందని నమ్మాలి. అయ్యగారు తనకు కావలసినవే పట్టుకొచ్చేవారు. కొత్త హాలు కట్టాలనుకున్న ఏడాది "విశ్వాసం" అనే మాటకు మూలార్థం పునాది అయింది. కమిటీలో ఇద్దరు ఎదురు తిరిగిన ఏడాది "విధేయత" అనే మాటకు మూలార్థం నోరు మూసుకోవడం అయింది. ఆయన కారు మార్చిన నెలలో "రథం" అనే మాట మీద రెండు ఆదివారాలు మాట్లాడారు.

ఒత్తులక్క అసలు పేరు అచ్చాఫీసు గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పేజీలో ఎక్కడ ఒత్తు తగ్గినా కందిరీగలా వెళ్లి అక్కడే వాలుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. యాభై ఏడేళ్ల మనిషి. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు తీరిక దొరకలేదని చెప్పేది. పదకొండేళ్ల పాటు ఒక ముసలి మాస్టారు తయారుచేసిన హెబ్రీ నిఘంటువుకు ప్రూఫులు దిద్దింది. మొదట్లో ఆ అక్షరాలు ఆమె కంటికి మేకులూ కొక్కేలూ వరసగా పేర్చినట్టు కనిపించేవి. చదవడం రాకుండా దిద్దడం ఎలాగండీ అని మాస్టారిని అడిగింది. ఆయన ఆ రోజు నుంచి పనయ్యాక అరగంట కూర్చోబెట్టి నేర్పారు. నిఘంటువు మూడు వందల ప్రతులు అచ్చయింది. రెండు వందల నలభై ఇప్పటికీ అచ్చాఫీసు గోదాములో చెదలమందు వాసన పీలుస్తూ ఉన్నాయి. ఒక ప్రతి అయ్యగారికి కానుకగా వెళ్లింది. దాన్ని ఆయన తన గదిలో అద్దాల బీరువాలో, వచ్చినవాళ్లకు వీపు కనబడేలా పెట్టుకున్నారు.

ఒత్తులక్కకు గర్వం లేదని ఎవరూ అనలేరు. ఆమె ఆదివారాలు చర్చికి వెళ్లేది ప్రార్థన కోసం ఎంతో, అయ్యగారి తప్పులు ఏరుకోవడం కోసమూ అంతే. ఆయన నోట ఒక హెబ్రీ మాట వంకరగా వస్తే ఆమె తల దించుకుని పెదవి లోపల నవ్వుకునేది. ఎవరితోనూ చెప్పేది కాదు. కాగితం మీద తప్పు తన బాధ్యత, వేదిక మీద తప్పు ఆయన బాధ్యత అనుకునేది. తెలివైనవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

అలా నవ్వుకుంటూనే ఆమె ఉద్యోగం చివరిదాకా గడిపేసేదేమో, మరిది నిచ్చెన మీదనుంచి పడకపోయి ఉంటే.

మరిది అంటే ఆమె చెల్లెలి భర్త. ఆ చర్చిలో పంతొమ్మిదేళ్లుగా తలుపులు తీసే మనిషి. పేరుకే తలుపులు. బెంచీలు తుడవడం, మైకు సరిచూడటం, పైకప్పు కారే చోట బకెట్టు పెట్టడం, ఎవరో మరిచిపోయిన గొడుగులు దాచి మళ్లీ వారం అందించడం, అన్నీ అతని పనులే. చర్చి నిచ్చెనకు పైనుంచి మూడో మెట్టు చీలింది. ఆ సంగతి అతను కమిటీకి మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి చూద్దామన్నారు. రెండోసారి చూస్తున్నామన్నారు. మూడోసారి, నీకెప్పుడూ ఏదో ఒక సణుగుడేనయ్యా అన్నారు.

ఆ ఏడాది "తీర్పు వారం" అని ప్రత్యేక ప్రార్థన కూటాలు పెట్టారు. గుమ్మం పైన అయ్యగారి ముఖంతో నిలువెత్తు బ్యానరు కట్టారు. గాలికి ఒక మూల ఊడి, సరిగ్గా ఆయన చెవి దగ్గర మడత పడింది. కారు దిగుతూ అది చూసి ఆయన ముఖం చిట్లించుకుని, కూటం మొదలయ్యేలోగా ఆ మడత పోవాలని కబురు పెట్టారు. మరిది ఎక్కాడు. చీలిన మెట్టును తప్పించి కాలు చాచి పై మెట్టు అందుకోబోయి పట్టు తప్పి, రాతి మెట్ల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, ఎముకలో కడ్డీ వేయించుకుని ఇంటికొచ్చి మంచం పట్టాడు. చర్చి నుంచి ఒక్కరు రాలేదు. ఒక కార్డు మాత్రం వచ్చింది. దాని మీద అయ్యగారి ఫొటో, కింద త్వరగా కోలుకోవాలని నాలుగు ముక్కలు ఉన్నాయి. అందులో మరిది పేరు రాస్తూ ఒక ఒత్తు వదిలేశారు. ఒత్తులక్క కలం తీసి దిద్దబోయి, సిగ్గుపడి మళ్లీ మూత పెట్టింది. అతని బదులు చెల్లెలే రోజూ వెళ్లి తలుపులు తీసి, బెంచీలు తుడిచి వచ్చేది. ఆమెను చూసి జనం చిరునవ్వు నవ్వి లోపలికి వెళ్లేవారు. మీ ఆయనకు ఎలా ఉందని అడిగితే ఎక్కడ నిలబడి వినాల్సి వస్తుందోనని వాళ్ల భయం.

మరిది పడిన ఆరో వారం ఆదివారం అయ్యగారు తన పదిహేడు మాటల్లోంచి "పకద్" అనే మాట బయటికి తీశారు. అక్కాచెల్లెళ్లు మూడో వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. దేవుడు దర్శిస్తాడని రాసి ఉన్న చోటల్లా ఉన్న మాట పకద్ అనీ, దర్శించడమంటే ఇంటికొచ్చి పలకరించి పోవడమని పామరులు అనుకుంటారనీ, మూలభాషలో దానికి ఒకటే అర్థం, శిక్షించడమనీ చెప్పారు. ఉదాహరణ కూడా ఇచ్చారు. పరిశుద్ధమైన చోట పనిచేస్తూ పనిముట్ల మీద, పెద్దల మీద సణిగే మనిషి ఒకడున్నాడట. దేవుడు అతన్ని దర్శించాడట. ఎత్తు నుంచి కింద పడేశాడట. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఏడు వందల తలలు ఒక్కసారి మూడో వరసకేసి తిరిగాయి, మళ్లీ మర్యాదగా ముందుకు తిరిగాయి.

ఆ రోజు ఒత్తులక్కకు నవ్వు రాలేదు. చెల్లెలు ఆఖరి పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత లేచి, తాళాల గుత్తి తీసి కమిటీ బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. ఇద్దరూ రెండు వీధులు నడిచారు. మూడో వీధి మలుపులో చెల్లెలు ఆగింది.

"అక్కా, నీకా భాష వచ్చుగా. ఆ మాటకి నిజంగా అదేనా అర్థం?"

"కాదు. చాలా అర్థాలున్నాయి."

"ఆయన చెప్పేవన్నీ ఇలాంటివేనా?"

"చాలావరకు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

చెల్లెలు జవాబు కోసం ఆగకుండా ముందుకు నడిచింది.

రెండు వారాలకు తీర్పు వారం ప్రసంగాలూ, ఆ తర్వాతి ఆదివారాలవీ కలిపి పుస్తకం వేయడానికి అచ్చాఫీసుకు వచ్చాయి. అరవై ఒకటో పేజీలో మరిది మళ్లీ నిచ్చెన మీదనుంచి పడ్డాడు. ఈసారి ఇంకొంచెం ఎత్తు నుంచి పడ్డాడు, ఎందుకంటే రాసేటప్పుడు అయ్యగారు నిచ్చెనకు నాలుగు మెట్లు కలిపారు. కింద ఒక ప్రవక్త గ్రంథంలోంచి వచనం ఉంది, ఇరవై మూడో అధ్యాయం రెండో వచనం. అది మూడు చుక్కలతో మొదలైంది. ప్రూఫులు దిద్దేవాళ్లకు మూడు చుక్కలు కనబడితే చెయ్యి దురద పెడుతుంది. అక్కడ ఎవరో ఏదో కోసేశారన్నమాట. ఒత్తులక్క నిఘంటువు తీసింది.

మాస్టారు ఆ ఒక్క మాటకు పేజీన్నర కేటాయించారు. వెళ్లి చూడటం. బాగోగులు కనుక్కోవడం. దండులో తలలు లెక్కపెట్టడం. ఒకరికి పని అప్పగించడం. ఎప్పుడూ కూర్చునే చోటు ఖాళీగా ఉంటే, ఏడీ ఈ మనిషి, ఎందుకు రాలేదు అనుకోవడం. ముసలితనందాకా పిల్లలు లేని ఆమెను దేవుడు గుర్తుపెట్టుకుని బిడ్డనిచ్చిన చోట ఉన్నది ఆ మాటే, కరువులో ఉన్న జనానికి తిండి దొరికిన చోట ఉన్నదీ ఆ మాటే. అన్నిటికీ చివర, లెక్క అడగడం, శిక్షించడం.

ఆమె వచనం మొత్తం మూలంలో చదివింది. అది కాపరులతో అంటున్న మాట. నా మందను చెదరగొట్టారు, తరిమేశారు, వాటిని పకద్ చేయలేదు. ఇదిగో, మీ చెడ్డ పనులకు మిమ్మల్ని నేను పకద్ చేస్తాను. ఒకే మాట రెండుసార్లు. తెలుగు అనువాదంలో రెండు చోట్లా రెండు వేరు మాటలు పడ్డాయి కాబట్టి దెబ్బ తెలియదు. ఒత్తులక్క కలం పక్కన పెట్టింది. తెలుగులో ఇలాంటి మాట లేకపోలేదు. జ్వరం వచ్చిన బిడ్డను తల్లి చూసుకుంటుంది. వీధిలో కొట్లాడుకున్నవాడు పోతూ పోతూ, నీ సంగతి చూసుకుంటాను అంటాడు. మీరు వాళ్లను చూసుకోలేదు, మీ సంగతి నేను చూసుకుంటాను. అంతే వచనం. అయ్యగారు మూడు చుక్కలు పెట్టి కోసేసింది అయ్యగార్లతో చెప్పిన సగాన్ని.

మార్జినులో ప్రశ్నార్థకం పెట్టి, మొదటి సగం కూడా వేయాలా అని రాసి యజమానికి చూపించింది. యజమాని మంచివాడే. మంచితనంతో ఎవరికీ ఏ ఉపయోగమూ కలగకుండా జాగ్రత్తపడేవాడు. ప్రూఫు దిద్దడం మన పని, మనిషిని దిద్దడం కాదన్నాడు. అంతగా అయితే వెళ్లి ఆయన్నే అడగమన్నాడు, ఆమె వెళ్లదులే అన్న ధీమాతో. ఒత్తులక్క నిఘంటువు సంచిలో వేసుకోలేదు. అక్కడ ఒకటుందిగా అనుకుని వెళ్లింది.

అయ్యగారి గదిలో బల్ల ఎంత పెద్దదంటే అవతల కూర్చున్నవాళ్లు కొంచెం గొంతు పెంచి మాట్లాడాలి. ఆయన ఆమెను ఆదరంగా కూర్చోమన్నారు. పుస్తకం అట్ట మీద బంగారు అక్షరాలు వస్తాయా అని అడిగారు. వస్తాయంది. తర్వాత అరవై ఒకటో పేజీ ముందు పెట్టింది.

"అయ్యగారూ, ఇక్కడ వచనం సగమే ఉంది. మొదటి సగం కూడా వేద్దామా?"

"అక్కర్లేదమ్మా. అది మన సందర్భానికి సంబంధించింది కాదు."

"అది కాపరుల గురించండి."

"అప్పటి కాపరులమ్మా. గొర్రెలు కాసుకునేవాళ్లు." ఆయన చల్లగా నవ్వారు. "మూలభాష చాలా లోతు. పైపైన చూస్తే అర్థం కాదు."

ఒత్తులక్క లేచి అద్దాల బీరువా తెరవచ్చా అని అడిగి, మాస్టారి నిఘంటువు తీసి ఆయన ముందు పెట్టింది. ఆ ఒక్క మాట ఒకసారి చూద్దామంది. ఆయన హుందాగా అట్ట తెరిచారు. ఆ పుస్తకం హెబ్రీ పుస్తకాల్లాగే కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. ఆయన ఎడమవైపు నుంచి తెరిచారు. పుస్తకం చివర ఉండే తప్పొప్పుల పట్టిక వచ్చింది. ఆయన దాన్ని వేలితో పై నుంచి కింది దాకా జరుపుతూ, తల పంకిస్తూ, పూర్తిగా చదివారు. ఒత్తులక్క పుస్తకం తిప్పి, సరైన పేజీ తీసి మళ్లీ ఆయన ముందు పెట్టింది.

అయ్యగారు ఆ పేజీ వైపు చూడలేదు. ఆమె వైపు చూశారు. ఎవరు నేర్పారని అడిగారు. మాస్టారి పేరు చెబితే, ఆయన పాతకాలం మనిషి, అప్పటికీ ఇప్పటికీ హెబ్రీ చాలా ముందుకెళ్లిందన్నారు. ప్రవక్తలు రాసి రెండున్నర వేల ఏళ్లయిన మాటలు ఈ కొన్నేళ్లలో ఎంత ముందుకెళ్లాయో ఆమె అడగలేదు. వేరే సంగతి అడిగింది.

"కింద పడినాయన గురించి రాశారు కదండీ. ఆయన పేరేంటండీ?"

"పేర్లు వేయకూడదమ్మా. అది పద్ధతి కాదు."

"వేయడానికి కాదండి. మీకు తెలుసేమోనని."

ఆయన కిటికీకేసి చూశారు. బల్ల మీద కలం అటూ ఇటూ జరిపారు. "అతనే... మన తలుపుల దగ్గరుండే..." అని ఆగిపోయారు.

"మా మరిదండి. పంతొమ్మిదేళ్ల నుంచి ఉంటున్నాడు."

"అలాగా. ప్రార్థన చేస్తున్నామని చెప్పమ్మా." ఆయన ప్రూఫుల కట్ట ఆమె వైపు నెట్టారు. "మార్జినులో రాసినవన్నీ తీసేసి, ఉన్నది ఉన్నట్టు వేయండి."

ఆమె మార్జినులో రాసింది తీసేయలేదు, చివరి ప్రూఫు మీద సంతకమూ పెట్టలేదు. ముప్పై ఏళ్లలో అది మొదటిసారి. యజమాని బతిమాలి, కోప్పడి, చివరికి చుట్టూ చూసి తనే సంతకం పెట్టాడు. పుస్తకం బంగారు అక్షరాలతో వచ్చింది.

ఆవిష్కరణ ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లోనే పెట్టారు. చెల్లెలు రానంది. ఒత్తులక్క వెళ్లింది. ముందు రోజంతా కూర్చుని రెండు పేజీలు రాసుకుంది. మాట, దాని ధాతువు, ఎక్కడెక్కడ ఎలా వాడారో, అన్నీ హెబ్రీ అక్షరాలతో సహా వరసగా పెట్టుకుంది. ఎక్కడ లేవాలో, ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుని వెళ్లింది. తను మాట్లాడటం అయ్యాక హాలు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో కూడా ఊహించుకుంది. కూర్చున్నాక మాత్రం, ముందు ఆయన్ని పూర్తి చేయనిద్దాం అనుకుంది.

వెనక వరసలో భూతద్దం మామ్మ కూర్చుని ఉంది. బట్టలు కుట్టి బతికిన మనిషి, ఎనభై దాటింది. కళ్లు సరిగా కనబడవు కాబట్టి బైబిలును భూతద్దంతో చదువుకుంటుంది. మధ్యలో ఒక వచనం వెతికి పట్టుకోవడం ఆమె వల్ల కాదు. అందుకని ఏ వచనం చెప్పినా ఆ అధ్యాయం మొదటి నుంచి మొదలుపెట్టి, ఒక్కో అక్షరమే అద్దం కింద జరుపుకుంటూ వస్తుంది. ఆమె వచ్చేసరికి అందరూ వేరే చోటికి వెళ్లిపోయి ఉంటారు. ఆమె ఎప్పుడూ ఎవర్నీ ఆగమనలేదు.

ఆ రోజు అయ్యగారు పుస్తకం ఎత్తి చూపించి, అరవై ఒకటో పేజీ తీయించి, బైబిల్లో ఆ వచనం కూడా తీసుకోమన్నారు. అందరూ తీశారు. ఆయన మూడు చుక్కల తర్వాతి సగం గంభీరంగా చదివి, పకద్ దగ్గర ఆగి, పడిపోయిన సేవకుడి కథ ఎత్తుకున్నారు. దేవుడు చెయ్యి ఎలా చాచాడో, మెట్టు ఎలా జారిందో చెబుతున్నారు. ఒత్తులక్క మోకాళ్ల మీద కాగితాలు సర్దుకుంటోంది. ఇంతలో వెనకనుంచి సన్నటి గొంతు వినబడింది.

"అయ్యగారూ, కొంచెం ఆగండి. నేనింకా మొదటి సగం దగ్గరే ఉన్నాను."

కొందరు నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, ఫరవాలేదు మామ్మా, రెండో సగానికి వచ్చెయ్యండి అన్నారు.

"వస్తున్నానండి. ఇది కాపరులతో అంటున్నాడే. మీరు నా మందను పట్టించుకోలేదు అంటున్నాడు." మామ్మ అద్దం ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. "మీరు చెప్పేది తలుపులు తీసే అబ్బాయి గురించి కదా. అతను కాపరి కాదే. మరి ఇక్కడ కాపరి ఎవరండీ?"

ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే అయ్యగారు ఒక్క మాటతో కొట్టిపారేసేవారు. ఆమెకు నిజంగానే తెలియక అడిగింది, జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తోంది. హాల్లో కాగితాల చప్పుడు మొదలైంది. ఏడు వందల మంది ఆ వచనం మొదటి సగం చదువుకుంటున్నారు. అది వాళ్ల ఒళ్లోనే ఉంది. శుభ్రమైన తెలుగులో, కళ్లకు కనబడేంత పెద్ద అక్షరాల్లో, ఇన్ని వారాలుగా వాళ్ల ఒళ్లోనే ఉంది.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "తెలుగులో అలా కనిపిస్తుంది మామ్మా. మూలభాషలో మొదటి మాట వేరు, రెండో మాట వేరు."

అప్పుడు లేచింది ఒత్తులక్క. కాగితాలు మోకాళ్ల మీదనుంచి జారి కింద పడ్డాయి. వాటి కోసం వంగలేదు.

"రెండూ ఒకటేనండి," అంది. "రెండు చోట్లా పకద్. మీరు వాళ్లను చూసుకోలేదు, మీ సంగతి నేను చూసుకుంటాను అంటున్నాడు. ఆ మాటన్నది తలుపులు తీసేవాడితో కాదు."

అయ్యగారు ఆమె వైపు చూసి, మామ్మ వైపు చూసి, ప్రార్థన చేద్దాం అన్నారు. కళ్లు మూసుకున్న జనం ప్రశ్నలు అడగరని ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం. ఆ ప్రార్థన చాలా పొడుగ్గా సాగింది.

బయట మెట్ల మీద ఒత్తులక్కను పది మంది చుట్టుముట్టారు. మాకెప్పుడో అనుమానం వచ్చిందమ్మా అని ఒకాయన, నేనైతే మా ఇంట్లో అంటూనే ఉన్నానని ఇంకొకామె, ఎవరో ఒకరు చెబితే బాగుండునని ఎదురుచూశామని మూడో ఆయన. ఆ రోజు తలలు తిప్పి మూడో వరసకేసి చూసినవాళ్లే వీళ్లంతా. ఆమెకు వాళ్ల ముఖాలు చూడబుద్ధి కాలేదు. పోనీ తన ముఖమైనా చూసుకోబుద్ధయిందా అంటే అదీ లేదు. పదకొండేళ్లు హెబ్రీ నేర్చుకుని తను కూడగట్టుకోలేని ధైర్యాన్ని, అది ధైర్యమని కూడా తెలియని ముసలామె, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చూపించింది. హెబ్రీ అక్కర్లేకపోయింది. తన ఆస్తి అనుకున్న ఆ భాష, అయ్యగారు అబద్ధం రెండోసారి ఆడినప్పుడు మాత్రమే పనికొచ్చింది. ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా ఇంటికి పోయింది.

సోమవారం నుంచి మరిది మంచం చుట్టూ జనం. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. పళ్లు తెచ్చారు, సలహాలు తెచ్చారు. పంతొమ్మిదేళ్లుగా నిన్ను సొంత మనిషిలా చూసుకున్నాం అని అతని ఎదురుగానే అన్నారు. చెల్లెలు కుర్చీలు వేసి, తీసి అలిసిపోయింది. కమిటీవాళ్లు కూర్చుని గంటసేపు ఆలోచించి తమ పశ్చాత్తాపాన్ని ఒక అల్యూమినియం నిచ్చెన రూపంలో కొని తెచ్చారు. అది ఎక్కడానికి మనిషి లేడన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. తాళాలు తీసుకోమని చెల్లెలికి రెండుసార్లు కబురు పెట్టారు. ఆమె తీసుకోలేదు.

అయ్యగారికి ఏమీ కాలేదు. అలాంటివాళ్లకు ఏమైనా అవుతుందని ఒత్తులక్క అనుకోనూ లేదు. మరుసటి ఆదివారం ఆయన నాలుక గురించి మాట్లాడారు. ఆ మాటకు మూలభాషలో పాము అని కూడా అర్థం వస్తుందన్నారు. ఈసారి అక్కడక్కడా నలుగురైదుగురు పక్కవాళ్ల వైపు చూసుకున్నారు. అంతవరకే. పుస్తకాలు ఇళ్లల్లోకి వెళ్లి బంగారు వీపులతో అరల్లో నిలబడ్డాయి. యజమాని ఒత్తులక్కను అయ్యగారి పుస్తకాల నుంచి తప్పించి సబ్బు పెట్టెల మీద అక్షరాలు దిద్దే పని ఇచ్చాడు. ఆమె మొదటి రోజే ఆ పెట్టె మీద రెండు ఒత్తులు, ఒక సున్నా పట్టుకుంది.

మూడో వారం గురువారం సాయంత్రం అయ్యగారు చెల్లెలి ఇంటికి వచ్చారు. వెంట ఒక ఫొటోగ్రాఫరు ఉన్నాడు. చెల్లెలు తలుపు తీసింది. రండి అనలేదు, పక్కకు జరిగింది. తర్వాత వంటగది గుమ్మంలో, ఆ సాయంత్రం వాళ్లింటికి వచ్చి ఉన్న అక్క పక్కన కూర్చుని కూరగాయలు తరగడం మొదలుపెట్టింది.

ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని, కోటు సర్దుకుని కూర్చున్నారు. ఫొటోగ్రాఫరు వెలుతురు చూసుకుంటున్నాడు. అయ్యగారు మరిది చెయ్యి పట్టుకుని, ఈ శ్రమలో దేవుడి ఉద్దేశం ఏమిటో చెప్పడం మొదలుపెట్టారు. మరిది ఓపికగా కాసేపు విన్నాడు.

"అయ్యగారూ, ముందు నన్ను బాత్రూముకి తీసుకెళ్లాలండి. చాలాసేపటి నుంచి ఆపుకుంటున్నాను."

అయ్యగారు వంటగది గుమ్మం వైపు చూశారు. ఒత్తులక్క అలవాటుగా లేవబోయింది. చెల్లెలు కత్తి ఆపకుండానే, ఎడమ చెయ్యి అక్క మోకాలి మీద వేసి నొక్కింది.

"కూర్చో అక్కా."

అయ్యగారు లేచి, కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి, దించి, ఎటు చూడాలో తెలియక గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. మరిది ఒక చేత్తో వాకరు, ఇంకో చేత్తో అయ్యగారి భుజం పట్టుకుని లేచాడు. మంచం నుంచి బాత్రూముకు తొమ్మిది అడుగులు. రెండో అడుగులోనే అయ్యగారికి చెమట పట్టింది.

"అటు కాదండి, ఇటు పట్టుకోండి. అటు వైపే విరిగింది," అన్నాడు మరిది.

అయిదో అడుగు దగ్గర అయ్యగారు, నొప్పిగా ఉందా అని అడిగారు. మూడు నెలల్లో ఆయన అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. ఉందండి, మెల్లగా నడవండి అన్నాడు మరిది.

తలుపు పడింది. అయ్యగారు బయట వాకరు పట్టుకుని నిలబడ్డారు. చొక్కా భుజం దగ్గర నలిగి, ఒక పక్క చెమటతో తడిసింది. ఒత్తులక్క ఆయన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. నవ్వు వస్తుందేమో అనుకుంది, రాలేదు. జాలి వస్తుందేమోనని కాసేపు చూసింది, అదీ రాలేదు. ఆ మనిషికి ఆ పని చేతకాదు, కానీ చేస్తున్నాడు. అంతవరకు మాత్రం ఒప్పుకుంది.

లోపలి నుంచి మరిది, కొంచెం తువ్వాలు అందించండి అన్నాడు. అయ్యగారు చుట్టూ చూశారు. మంచం మీద చూశారు, కుర్చీ వెనక చూశారు, దండెం కోసం గోడలన్నీ చూశారు. అక్కాచెల్లెళ్లు కూరగాయలు తరుగుతున్నారు. ఎక్కడుందో వాళ్లు చెప్పలేదు, ఆయన అడగలేదు. చివరికి కోటు జేబులోంచి ఇస్త్రీ మడత విప్పని తెల్లటి చేతిరుమాలు తీసి, తలుపు సందులోంచి లోపలికి అందించారు.